కేకు అంచులు: ఒక షుగర్ పేషెంట్ డిసెంబర్

నవంబర్ మొదటి వారంలో ఆవిడ వచ్చి, ఫైలు టేబుల్ మీద పెట్టి, ఇంకా కూర్చోకుండానే అన్నారు: "మేడమ్, ఈసారి క్రిస్మస్‌కి ఏమీ తినొద్దని మాత్రం చెప్పకండి. పోయినేడు చెప్పారుగా, ఏమైందో చూశారుగా."

చూశాను. చెప్పింది నేనే, ఆవిడ డైటీషియన్ని. అంతకుముందు ఏడాది ఒక కాగితం మీద కేకు వద్దు, చాక్లెట్ వద్దు, కుకీలు వద్దు, కూల్‌డ్రింకులు వద్దు అని రాసిచ్చి పంపించాను. రాయడానికి నాకు రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ కాగితాన్ని ఆవిడ ఫ్రిజ్‌కి అంటించి డిసెంబర్ 1 నుంచి 24 సాయంత్రం దాకా, తనకు తెలిసినంతలో, అక్షరాలా పాటించారు. 24 రాత్రి చుట్టాలు వెళ్లిపోయాక వంటింట్లో నిలబడి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత జరిగింది ఆవిడ మాటల్లోనే: "పథ్యం ఎలాగూ చెడిందిగా అనిపించింది. జనవరి 6 దాకా ఆగలేదు."

మనవాళ్లు దీన్ని ఎప్పుడో ఒక్క ముక్కలో తేల్చేశారు: నిండా మునిగినవాడికి చలేమిటని. 1975లో హెర్మన్, మ్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే సంగతిని కాలేజీ అమ్మాయిల మీద పరీక్షించి చూశారు. ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ఎదురుగా పెట్టి ఎంత కావాలంటే అంత తినమన్నారు. మామూలుగా తినే అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. ఇది చదువుకుని కూడా నేను ఆ కాగితం రాసిచ్చాను.

ఇక కేసు వివరాలు. గుర్తుపట్టే సంగతులు కొన్ని మార్చాను. వయసు 52, స్కూల్ టీచర్. టైప్ 2 డయాబెటిస్ వచ్చి నాలుగేళ్లు. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు, ఇన్సులిన్ లేదు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 70.9 కిలోలు. అక్టోబర్‌లో చేయించిన హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 6.8. బీపీ అదుపులోనే ఉంది, కిడ్నీ పరీక్షలు బాగున్నాయి. భర్త రిటైరయ్యారు. కొడుకూ కోడలూ పక్క వీధిలోనే ఉంటారు.

పాత ఫైలు తిరగేస్తే అసలు కథ కనిపించింది. రెండేళ్ల కిందట అక్టోబర్‌లో బరువు 68.1, జనవరిలో 70.0, మళ్లీ అక్టోబర్‌కి 69.4. ఈ ఏడు జనవరిలో 71.8, ఇప్పుడు 70.9. ప్రతి డిసెంబర్‌లో రెండు మెట్లు ఎక్కడం, మిగతా ఏడాదంతా కష్టపడి ఒక మెట్టు దిగడం. హెచ్‌బీఏ1సీ కూడా పోయినేడు అక్టోబర్‌లో 6.7 ఉన్నది జనవరి చివరికి 7.6 అయింది. సగటు షుగర్ లెక్కలో చెప్పాలంటే 146 నుంచి 171కి. ఈ పరీక్ష రెండు మూడు నెలల సగటు చూపిస్తుందని అందరికీ తెలుసు. అందులో దాదాపు సగం వాటా చివరి నెల రోజులదే కాబట్టి పండుగ నెల దాని మీద బాగా ముద్ర వేస్తుంది.

ఇది ఈవిడ ఒక్కరి కథ కాదు. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ల బరువును చలికాలమంతా చూసి 2000లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో పండుగల వారాల్లో సగటున పెరిగింది 0.37 కిలోలే. వినడానికి చాలా తక్కువ. కానీ ఆ పెరిగింది తర్వాతి నెలల్లో దిగలేదు. రెండు కిలోలకు పైగా పెరిగినవాళ్లు కొద్దిమందే, వాళ్లలోనూ ముందునుంచే బరువు ఎక్కువున్నవాళ్లే ఎక్కువ. ఈవిడ ఆ కోవలోకి వస్తారు.

"25 మధ్యాహ్నం భోజనమే నా కొంప ముంచుతోంది" అన్నది ఆవిడ నమ్మకం. నాదీ అదే అనుమానం. సరే, ఊహాగానాలు ఎందుకు, కొలిచి చూద్దాం అన్నాను. ఆవిడ ఏటా డిసెంబర్ మొదటి రెండు ఆదివారాల్లో తొమ్మిది ఫ్రూట్ కేకులు చేసి బంధువులకు పంచుతారు. అందులో ఒకటి ముందే చేసి, "చిన్న ముక్క" అని తను అనుకునేంత కోసి తీసుకురమ్మన్నాను.

తర్వాతి వారం రేకులో చుట్టిన ముక్క తెచ్చారు. నా టేబుల్ మీద చిన్న డిజిటల్ త్రాసు ఉంటుంది. దాని మీద పెడితే 92 గ్రాములు చూపించింది. ఆవిడ త్రాసు వంక చూసి, రేకు బరువు కలిసిందేమో అన్నారు. రేకు తీసి మళ్లీ పెట్టాం. అదే 92.

ఆవిడ కొలతలు ఇవి: మైదా, చక్కెర, వెన్న తలా 250 గ్రాములు, గుడ్లు నాలుగు, ఎండుద్రాక్ష లాంటి ఎండుపళ్లు 400 గ్రాములు. మొత్తం దాదాపు 5,200 కేలరీలు. కాల్చాక కేకు 1,250 గ్రాములు తూగింది. అంటే ఆ చిన్న ముక్కలో 380 కేలరీలు, చక్కెర 36 గ్రాములు. అందులో సగం పంచదార, మిగతా సగం ఎండుపళ్లలోది. "పళ్లే కదా మేడమ్, మంచివేగా" అని అడగని పేషెంట్ నాకు ఇంతవరకూ తగల్లేదు. ద్రాక్షను ఎండబెడితే నీళ్లు పోతాయి, చక్కెర అక్కడే ఉంటుంది. వంద గ్రాముల ఎండుద్రాక్షలో దాదాపు 60 గ్రాములు చక్కెరే.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ముక్క కాదు. ఓవెన్ నుంచి తీసిన కేకు నడిమధ్య కాస్త పొంగి ఉంటుంది. పైన ఐసింగ్ చదునుగా రావాలని ఆవిడ ఆ పొంగును కత్తితో తీసేస్తారు, పక్కన మాడిన అంచులు కూడా. ఆ తీసిన ముక్కలు ఏం చేస్తారని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించారు. "ఏమో మేడమ్. అయిపోతాయి."

ఎక్కడికి అయిపోతాయో తెలుసుకోవాలంటే ఒకటే దారి. మరుసటి ఆదివారం మూడు కేకులు చేసినప్పుడు, నోట్లోకి వెళ్లబోయే ప్రతి ముక్కనూ ఒక డబ్బాలో వెయ్యమన్నాను. రాత్రికి డబ్బా ఫొటో పంపారు, కింద బరువు రాసి: 140 గ్రాములు. అంటే 580 కేలరీలు. మామూలుగా అయితే ఆ పూట "నేనేమీ తినలేదు" అనే చెప్పేదాన్నని ఆవిడే ఒప్పుకున్నారు. అబద్ధం కాదు, నిజంగానే తిన్నట్టు గుర్తుండదు. నిలబడి, పని చేసుకుంటూ, పళ్లెం లేకుండా తిన్నది మెదడు లెక్కలోకి ఎక్కదు.

ఆ డబ్బా ఏం చేశారని నేను అడగలేదు. "ఇంట్లో ఎవరో ఒకరు తింటారులెండి" అని ఆవిడే అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రెండో కన్నం సింకు దగ్గర దొరికింది. డిసెంబర్‌లో ఎనిమిది తొమ్మిది సాయంత్రాలు ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. పిల్లలు కుకీ సగం కొరికి వదిలేస్తారు, పెద్దవాళ్లు మొహమాటానికి తీసుకున్న కేకు సగం వదిలేస్తారు. ప్లేట్లు కడిగేటప్పుడు అవన్నీ ఈవిడ నోట్లోకే. "పారేయడానికి చెయ్యి రాదు మేడమ్" అన్నారు. ఇక్కడ ఆకలీ లేదు, నోటి చాపల్యమూ లేదు. తిండి వృథా చేయకూడదన్న పెంపకం ఉంది. దాన్ని తప్పు అని నేను అనలేను. మూడోది స్టాఫ్ రూమ్. డిసెంబర్ 1 నుంచీ టేబుల్ మీద చాక్లెట్ల డబ్బాలు తెరిచే ఉంటాయి, ఆవిడ కుర్చీ సరిగ్గా వాటి ఎదురుగా.

పోయినేడు డైరీ లేదు కాబట్టి లెక్క ఉజ్జాయింపుగా వేశాం. 25న మామూలు కంటే 1,200 కేలరీలు ఎక్కువ తిన్నారనుకుందాం. మిగతా రోజుల్లో అంచులూ మిగుళ్లూ చాక్లెట్లూ కలిపి రోజుకు 250 చొప్పున 35 రోజులంటే 8,750. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు అని మేం వాడే మోటు లెక్క. ఆ లెక్కలో పండుగ భోజనం కిలోలో ఆరోవంతు కూడా కాదు. కాగితం మీద ఈ అంకెలు చూసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను ఇష్టంగా తిన్నది కాదన్నమాట, ఊరికే తిన్నది" అన్నారు. నేను అరగంట చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. చక్కెర బదులు షుగర్ ఫ్రీ పదార్థం వేసి ఒక కేకు చేసుకోండి, అది మీ ఒక్కరికి అని సలహా ఇచ్చాను. ఆవిడ కొన్నది మాల్టిటాల్ రకం. షుగర్ ఫ్రీ కదా అని ఒకే సాయంత్రం నాలుగు ముక్కలు తిన్నారు. రాత్రంతా కడుపుబ్బరం, తెల్లారేసరికి విరేచనాలు. మాల్టిటాల్ లాంటి షుగర్ ఆల్కహాళ్లు పేగుల్లో పూర్తిగా ఇంకవు, ఎక్కువైతే ఇదే జరుగుతుంది. షుగర్ కూడా పెరిగింది. పెరగదా మరి, మైదా ఎక్కడికి పోతుంది, ఎండుపళ్లు ఎక్కడికి పోతాయి? "ఇది కేకు కాదు మేడమ్, మందు" అని మిగతాది పక్కన పెట్టేశారు. అంతటితో ఆ ఆలోచన వదిలేశాం. ఇప్పుడు ఎవరైనా షుగర్ ఫ్రీ కేకు గురించి అడిగితే ఈ రాత్రి గురించి చెబుతున్నాను.

మేం చివరికి పట్టుకున్న దారి నేను కనిపెట్టింది కాదు. మాటల్లో ఆవిడ అన్నారు: "మా అమ్మమ్మ కేకు పెట్టె 24 రాత్రి దాకా తెరవనిచ్చేది కాదు. ఇప్పుడు 25 వచ్చేసరికి తీపి మొహం మొత్తేస్తోంది." నిజమే. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో క్రిస్మస్‌కి ముందు, నవంబర్ 15 నుంచి 40 రోజుల ఉపవాస కాలం ఉంటుంది. పశ్చిమ సంఘాల్లోనూ ఆగమన కాలం (క్రిస్మస్‌కి ముందు వారాలు) ఒకప్పుడు నిగ్రహానికే. విందు 25న మొదలై పన్నెండు రోజులు సాగేది. ఇప్పుడంతా తిరగబడింది. డిసెంబర్ 1 నుంచి రోజుకో తలుపు తెరిచి చాక్లెట్ తీసుకునే క్యాలెండర్లు అమ్ముతున్నారు. పండుగ రాకముందే పండుగ తిండి అయిపోతోంది.

అందుకని ఆవిడే ఏడు రోజులు ఎంచుకున్నారు: స్కూల్లో పార్టీ రోజు, 24, 25, 26, 31, జనవరి 1, జనవరి 6. ఆ ఏడు రోజులూ పండుగ. కూర్చుని, పళ్లెంలో పెట్టుకుని, భోజనం అయ్యాక, నచ్చింది తినాలి. మిగతా రోజులు మామూలు రోజులు. ఒక్కటే షరతు పెట్టాను: ఏడు రోజుల్లో ఒకటి మార్చుకోవచ్చు గానీ ఎనిమిదోది కలపకూడదు.

ముక్క సైజు విషయంలో త్రాసుతో ఇంట్లో నాలుగైదుసార్లు 40 గ్రాములు కోయడం సాధన చేశారు. దానికి 165 కేలరీలు. కన్ను అలవాటయ్యాక త్రాసు లోపల పెట్టేయమన్నాను, పండుగ పూట టేబుల్ మీద త్రాసు ఉంటే అది పండుగే కాదు. కేకులు తొమ్మిది నుంచి ఆరుకు తగ్గించారు. అంచులు డబ్బాలోకి. ప్లేట్లు కడిగే పని కొడుక్కి అప్పగించారు. నా దృష్టిలో మొత్తం పథకంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఇదే. స్టాఫ్ రూమ్‌లో కుర్చీ మార్చుకున్నారు. షుగర్ సంగతి తోటి టీచర్లకు చెప్పడం ఇష్టం లేదన్నారు, నేనూ బలవంతం చేయలేదు.

కోడలి సంగతి కొంచెం సున్నితం. ఆ అమ్మాయి ఎంతో ఇష్టంగా చేసి తెచ్చి, "అత్తయ్యా, నేను చేశానని తినట్లేదా?" అంటే ఏ అత్తగారు కాదనగలదు? వద్దంటే ఆ పిల్ల నొచ్చుకుంటుంది, తింటే ఇక్కడ షుగర్ నొచ్చుకుంటుంది. రెండు మూడు రకాలుగా అని చూసుకున్నాం. ఆవిడ నోటికి కుదిరింది ఇది: "నాది డబ్బాలో పెట్టివ్వమ్మా, 25న భోజనం అయ్యాక తీరిగ్గా తింటాను." వద్దనలేదు, వాయిదా వేశారు. 25న నిజంగానే తిన్నారు కూడా. లేకపోతే ఆ మాట మరుసటి ఏడు చెల్లదు.

వారానికి రెండుసార్లు బరువు చూసుకోమన్నాను. ఇది బర్మింగ్‌హామ్‌లో 272 మందితో చేసి 2018లో ప్రచురించిన ట్రయల్ నుంచి తీసుకున్నది. అక్కడ క్రిస్మస్ రోజుల్లో తరచూ బరువు చూసుకుంటూ, కొన్ని చిన్న సూచనలు పాటిస్తూ, పండుగ తిండి కరగాలంటే ఎంత నడవాలో తెలుసుకున్న గుంపు, ఆరోగ్యకరమైన అలవాట్ల గురించి ఒక కరపత్రం మాత్రమే అందుకున్న గుంపు కంటే సగటున అర కిలో తక్కువ దగ్గర ఆగింది. నడక లెక్కలు మాత్రం నేను ఈవిడకు ఇవ్వలేదు. తిన్నదానికి శిక్షగా నడక అన్న భావన ఆవిడలో అప్పటికే గట్టిగా ఉంది.

డిసెంబర్ ఎలా గడిచిందంటే, 20వ తేదీ దాకా నల్లేరు మీద బండి. 25న పొద్దున్న మామూలుగా టిఫిన్ చేశారు. మధ్యాహ్నానికి ఆకలి దాచుకునే అలవాటు మాన్పించాను. భోజనంలో ముందు కూరగాయలు, మాంసం, ఆ తర్వాతే పిండిపదార్థాలు. ఈ వరస మారిస్తే భోజనం తర్వాత షుగర్ తక్కువగా ఎక్కుతుందని 2015లో న్యూయార్క్‌లో ఒక చిన్న అధ్యయనం తేల్చింది. చూసింది 11 మందినే, అయినా పాటించడానికి ఖర్చేమీ లేదు. ఆఖరున కేకు రెండు ముక్కలు. తర్వాత మనవణ్ణి తీసుకుని పావుగంట నడిచారు. భోజనమైన రెండు గంటలకు షుగర్ 186. గొప్ప అంకె కాదు. కానీ పోయినేడు అసలు అంకే లేదు, ఎందుకంటే నవంబర్ 30న డ్రాయర్లోకి వెళ్లిన గ్లూకోమీటర్ మళ్లీ జనవరి 7నే బయటికి వచ్చింది.

26 పొద్దున ఏడింటికి ఫోన్. "మేడమ్, 24న 71.0 ఉన్నాను, ఇవాళ 72.3. ఒక్క రోజులో కిలో మూడొందలు!" గొంతులో టెన్షన్. నేను అడిగింది ఒకటే: "నిన్న మీరు మామూలు తిండి మీద ఇంకో పదివేల కేలరీలు తిన్నారా?" తినలేదు. తినగలిగే పనీ కాదు. పిండిపదార్థం ఎక్కువ తిన్నప్పుడు ఒంట్లో గ్లైకోజెన్‌గా నిలవ చేరుతుంది, దాని ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు తోడుగా ఉంటుంది. ఉప్పు ఇంకాస్త నీటిని పట్టి ఉంచుతుంది. త్రాసు చూపించింది చాలావరకు ఆ నీరే. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది, ఎందుకంటే "ఎలాగూ మునిగాం" అనిపించే క్షణం సరిగ్గా ఇదే. 30 నాటికి బరువు 71.5కి దిగింది.

29న జారారు. అది ఏడు రోజుల్లో లేదు. డైరీలో ఆ రాత్రి 9:40కి రాసింది ఉన్నదున్నట్టు: "11 చాక్లెట్లు. బెడ్రూమ్‌లో. ఒక్కదాన్నే. చెల్లితో ఫోన్లో గొడవయ్యాక. షుగర్ 238." మర్నాడు ఉపవాసం ఉంటానని మెసేజ్ పెట్టారు. వద్దన్నాను. మామూలుగా టిఫిన్ తినండి, మధ్యాహ్నం భోజనం చేయండి, చాక్లెట్ల పెట్టె ఇంట్లోంచి పంపేయండి. కడుపు మాడ్చుకుంటే ఆ రాత్రి మళ్లీ అదే గదిలో, అదే పెట్టె ముందు కూర్చుంటారు. 30న ఆవిడ డైరీ మామూలుగా ఉంది. పోయినేడు ఒక్క ముక్కతో మొదలైంది పదమూడు రోజులు నడిచింది, ఈసారి పదకొండు చాక్లెట్లతో మొదలైంది ఒక్క రాత్రితో ఆగింది. ఈ కేసులో నేను చెప్పుకోదగ్గ ఫలితం ఏదైనా ఉంటే అదే.

జనవరి చివర బరువు 71.4, హెచ్‌బీఏ1సీ 7.0. ఫిబ్రవరి చివర బరువు 71.1. అద్భుతం ఏమీ జరగలేదు. 6.8కీ 7.0కీ ఉన్న తేడా ల్యాబు ల్యాబుకీ మారే తేడా అంత. ఒక్క పేషెంటును చూసి ఏడు రోజుల పద్ధతి పనిచేసిందో, కొడుకు ప్లేట్లు కడగడం పనిచేసిందో విడదీసి చెప్పడం కుదరదు.

ఇదే పద్ధతి అందరికీ ఇవ్వను. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు భోజనం వేళలు, పరిమాణం మార్చే ముందు డాక్టర్ని అడగాలి. పండుగ పేరుతో మద్యం తాగి, భోజనం మానేస్తే వాళ్లకు షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అతిగా తిని కక్కేసే అలవాటు ఎప్పుడైనా ఉన్నవాళ్ల చేతికి త్రాసు అస్సలు ఇవ్వను. ఈవిడను కూడా మొదట్లోనే ఆ విషయం అడిగి, లేదని తేల్చుకున్నాకే కొలతల్లోకి దిగాను.

ఫిబ్రవరిలో ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వచ్చారు. బయట కూర్చోబోతుంటే, రండి సార్, మీరూ ఒకసారి బరువు చూసుకోండి అన్నాను. నవంబర్ కంటే కిలో ఎనిమిది వందలు పెరిగారు. ఆయన కాస్త సిగ్గుపడి, "మరి ఆ డబ్బాలోవన్నీ ఎవరు తినాలండీ, పారేస్తామా?" అన్నారు. ఆవిడ ఆయన వంక చూశారు, నా వంక చూశారు. నేను సొరుగులోంచి కొత్త ఫైలు తీసి ఆయన వయసు అడిగాను.